ఇద్దరమ్మాయిల పెళ్లికి హాలు ఇవ్వనని చెప్పవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన విషయం ఇది. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర మీరూ మీ తోడల్లుడు గారూ కలిసి బాంక్వెట్ హాలు నడుపుతున్నారు. భోజనాలు, మండపం డెకరేషన్ కూడా మీ వాళ్లే చూస్తారు. వచ్చే మే నెలలో పెళ్లికి హాలు కావాలని మెయిల్ వచ్చింది. పెళ్లి చేసుకునేది ఇద్దరమ్మాయిలు, అందులో ఒకరు మన తెలుగమ్మాయే. మీ తోడల్లుడు గారు వద్దంటున్నారు. మన నమ్మకానికి విరుద్ధమైన పెళ్లికి పనిచేయక్కర్లేదని సుప్రీంకోర్టే చెప్పిందని ఆయన వాదన. గొడవెందుకు, "ఆ తేదీ ఖాళీ లేదండీ" అని రాసేస్తే సరిపోతుందా అని మీరు అడిగారు. పంతులు గారు రానంటే ఆ బాధ్యత కూడా మా మీదే పడుతుందా అన్నది ఇంకో ప్రశ్న.

నేను న్యూజెర్సీలో లాయరుని. మన వాళ్ల రెస్టారెంట్లు, గ్రోసరీ షాపులు, ఫంక్షన్ హాళ్లు, ఇలా చిన్న వ్యాపారాల పనే ఎక్కువగా చేస్తాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీ రాష్ట్రంలో ఆ కారణంతో హాలు ఇవ్వననడం చట్టవిరుద్ధం. తేదీ ఖాళీ లేదని అబద్ధం చెప్పడం అంతకంటే ప్రమాదం. పంతులు గారి సంగతి వేరు, ఆయన్ని ఎవరూ బలవంతపెట్టలేరు. సుప్రీంకోర్టు తీర్పు గురించి మీ తోడల్లుడు గారు విన్నదాంట్లో కొంత నిజం ఉంది, కాకపోతే అది మీ హాలుకి వర్తించే రకం తీర్పు కాదు. ఎందుకో చెప్పాలంటే కాస్త వివరంగా రాయాలి, ఓపిగ్గా చదవండి.

అమెరికా అంతటా దీనికి ఒకటే చట్టం ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. 1964 నాటి సివిల్ రైట్స్ చట్టం రెండో భాగం ప్రకారం హోటళ్లు, రెస్టారెంట్లు, గ్యాస్ స్టేషన్లు, సినిమా హాళ్ల లాంటి చోట్ల జాతి, రంగు, మతం, ఏ దేశం నుంచి వచ్చారన్నది చూసి ఎవర్నీ వెనక్కి పంపకూడదు. ఆ జాబితాలో ఆడ, మగ అన్న మాటే లేదు. ఇక గే, లెస్బియన్ల ప్రస్తావన ఎక్కడుంటుంది? 2020లో బోస్టాక్ కేసులో, గే అన్న కారణంతో ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. అది ఉద్యోగాల చట్టం మీద ఇచ్చిన తీర్పు, కస్టమర్లకు సంబంధం లేదు. ఈ లోటు పూడ్చడానికి తెచ్చిన ఈక్వాలిటీ యాక్ట్ బిల్లు 2019లో ఒకసారి, 2021లో ఒకసారి ప్రతినిధుల సభలో నెగ్గింది, సెనేట్ మాత్రం దాటలేదు. అందువల్ల మీ ప్రశ్నకు జవాబు మీ వ్యాపారం ఏ రాష్ట్రంలో ఉంది, ఒక్కోసారి ఏ ఊళ్లో ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇరవైకి పైగా రాష్ట్రాల్లో స్పష్టమైన రక్షణ ఉంది. న్యూజెర్సీ వాటిలో పాతకాపు.

న్యూజెర్సీ వివక్ష నిరోధక చట్టం 1945 నాటిది. సెక్సువల్ ఓరియంటేషన్ని, అంటే మనిషికి ఆకర్షణ ఆడవాళ్ల మీదా మగవాళ్ల మీదా అన్నదాన్ని, అందులో 1992లో చేర్చారు. అందరికీ తెరిచి ఉంచిన వ్యాపారం ఏదైనా, అంటే హాలు, హోటలు, షాపు, సెలూన్, దీని కిందికే వస్తుంది. అంతే కాదు, ఒప్పందం కుదుర్చుకోను, సరుకు అమ్మను, సర్వీసు ఇవ్వను అని ఈ కారణాలతో అనడాన్ని కూడా ఆ చట్టంలో వేరే క్లాజు నిషేధిస్తుంది. కాబట్టి "మాది పబ్లిక్ హాలు కాదండీ, కేటరింగ్ కంపెనీ" అని పక్కకి తప్పుకునే దారి కూడా లేదు.

మీ కేసుకి బాగా దగ్గరగా ఉన్న ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. ఓషన్ గ్రోవ్ అనే సముద్రతీరపు ఊళ్లో మెథడిస్టు క్రైస్తవ సంస్థ ఒకటి ఉంది. బోర్డ్‌వాక్ మీద వాళ్లకి ఒక పెవిలియన్ ఉంది, నాలుగు పక్కలా గాలి వీచే కట్టడం. జనం అందులో కూర్చుంటారు, ప్రార్థనలు జరుగుతాయి, పెళ్లిళ్లకి అద్దెకిచ్చేవాళ్లు. 2007లో ఒక లెస్బియన్ జంట తమ సివిల్ యూనియన్ (గే జంటలకి పెళ్లి బదులు అప్పట్లో రాష్ట్రం ఇచ్చిన చట్టబద్ధ గుర్తింపు) వేడుకకి అది అడిగారు. మా మత విశ్వాసానికి విరుద్ధం అని సంస్థ కాదంది. విచారణలో తేలిందేంటంటే, ఆ పెవిలియన్ అందరికీ తెరిచి ఉంటుందని చెప్పే వాళ్లు రాష్ట్రం నుంచి ఆస్తి పన్ను మినహాయింపు తీసుకున్నారు. అప్పటిదాకా పెళ్లికి అడిగినవాళ్ల మతమేంటని కూడా చూడకుండా ఇచ్చారు. 2012లో నిర్ణయం ఆ జంట వైపే వచ్చింది. గమనించండి, అది సాక్షాత్తూ ఒక మత సంస్థ ఆస్తి. దానికే మినహాయింపు దొరకనప్పుడు లాభం కోసం నడిపే మీ హాలుకి దొరుకుతుందని నేను ఏ క్లయింటుకీ చెప్పలేను.

ఇప్పుడు మీ తోడల్లుడు గారి సుప్రీంకోర్టు. ఆయన మనసులో రెండు కేసులు కలిసిపోయి ఉంటాయని నా అనుమానం.

మొదటిది కొలరాడో బేకరీ కేసు. 2012లో డెన్వర్ పక్కన లేక్‌వుడ్‌లో మాస్టర్‌పీస్ కేక్‌షాప్‌కి ఇద్దరు మగవాళ్లు తమ పెళ్లి కేకు కోసం వెళ్లారు. యజమాని జాక్ ఫిలిప్స్, పుట్టినరోజు కేకులు, కుకీలు ఏం కావాలన్నా ఇస్తాను, మీ పెళ్లికి కేకు మాత్రం చేయనన్నాడు. మాటలు కొద్ది నిమిషాల్లోనే అయిపోయాయి. కేకు మీద ఏం రాయాలి, ఏ డిజైన్ కావాలి అన్నదాకా సంభాషణ వెళ్లనే లేదు. కొలరాడో పౌరహక్కుల కమిషన్ ఫిలిప్స్‌ది తప్పంది. 2018 జూన్‌లో సుప్రీంకోర్టు 7-2తో కమిషన్ ఉత్తర్వును కొట్టేసింది. టీవీల్లో "బేకరీ గెలిచింది" అని వచ్చింది, మన వాళ్లకి గుర్తుండిపోయింది కూడా ఆ ఒక్క ముక్కే. బేకరీ ఎందుకు గెలిచిందో చూడాలి. విచారణ సమయంలో ఒక కమిషనర్ అతని మత విశ్వాసాన్ని కించపరుస్తూ మాట్లాడాడు. ప్రభుత్వ సంస్థ మతం పట్ల తటస్థంగా ఉండలేదు కాబట్టి ఉత్తర్వు చెల్లదంది కోర్టు. అదే తీర్పులో జస్టిస్ కెనడీ ఇంకో మాట కూడా రాశారు: అందరికీ సమానంగా వర్తించే చట్టం ఉన్నచోట, మతపరమైన అభ్యంతరం ఉందని వ్యాపారులు వస్తువులు, సేవలు నిరాకరించడం సాధారణంగా కుదరదని. ఆ మాట వార్తల్లో అంతగా వినపడలేదు.

రెండోది 2023 జూన్ 30 నాటి 303 క్రియేటివ్ కేసు, అదీ కొలరాడోదే. లోరీ స్మిత్ అనే వెబ్ డిజైనర్ పెళ్లి వెబ్‌సైట్లు మొదలుపెట్టాలనుకుంది. గే పెళ్లిళ్లకి చేయనని ముందుగానే కోర్టుకి వెళ్లింది. 6-3తో ఆమె గెలిచింది. ఇది అసలైన గెలుపే, దీన్ని నేను తక్కువ చేసి చెప్పను. కాకపోతే ఆ గెలుపు మత స్వేచ్ఛ మీద రాలేదు, వాక్ స్వాతంత్ర్యం మీద వచ్చింది. ఒక్కో జంట కథ తెలుసుకుని, తన సొంత మాటల్లో, తన సొంత బొమ్మలతో సైటు తయారుచేస్తానని ఆమె చెప్పింది, అది భావప్రకటనే అని కొలరాడో రాష్ట్రం కూడా ఒప్పుకుంది. గే కస్టమర్లకి వేరే పనులు చేయడానికి నాకేం అభ్యంతరం లేదనీ ఆమె చెప్పింది, రాష్ట్రం దాన్నీ ఒప్పుకుంది. అప్పుడు కోర్టు, ఆమె నోటితో ఆమెకి నచ్చని మాట పలికించే అధికారం ప్రభుత్వానికి లేదంది. జస్టిస్ సోటొమేయర్ గట్టిగా విభేదించారు. ప్రజల కోసం తెరిచిన వ్యాపారానికి ఒక వర్గాన్ని కాదనే రాజ్యాంగ హక్కును ఈ కోర్టు మొదటిసారి ఇచ్చిందన్నది ఆవిడ అభ్యంతరం. నాకు ఆవిడ భయంలో న్యాయం ఉందనిపిస్తుంది, ఎందుకంటే మీ తోడల్లుడు గారిలాగే చాలామంది ఈ తీర్పుని దానికున్న హద్దులు దాటించి చదువుకుంటున్నారు.

మన పద్ధతిలో చెప్పాలంటే, లోరీ స్మిత్ పెళ్లి పంచరత్నాలు రాసిచ్చే కవి లాంటిది. వధూవరుల పేర్లు కలిపి, వంశాలు పొగిడి, తన పేరు కింద అచ్చువేసి పెళ్లిలో చదివే పద్యాలు అవి. ఆ కవిని "ఈ పెళ్లిని పొగుడుతూ రాయి" అని ప్రభుత్వం ఒత్తిడి చేయకూడదు. మీరు ఆ కవి కాదు. ఆ పద్యాలు చదివే హాలు, ఆ కుర్చీలు, ఆ విస్తళ్లు మీవి. పులిహోరలో ఎవరి అభిప్రాయమూ ఉండదు.

ఈ తేడా 2023 తర్వాత కోర్టుల్లో ఎలా పనిచేస్తోందో చూడాలంటే కాలిఫోర్నియా బేకర్స్‌ఫీల్డ్ బేకరీ కేసు చూడండి. అక్కడ ఒక లెస్బియన్ జంట అడిగింది మూడంతస్తుల తెల్ల కేకు. మీద రాతలు లేవు, బొమ్మలు లేవు, షాపులో ఎవరైనా ఆర్డరిచ్చే మామూలు డిజైను. యజమానురాలు కాదంది. ట్రయల్ కోర్టులో ఆమే గెలిచింది. 2025 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు దాన్ని తిరగరాసింది. ఎవరికైనా అమ్మే సాదా కేకు అది చేసినవాళ్ల భావప్రకటన కాదంది. 303 క్రియేటివ్ తీర్పు అప్పటికే వచ్చి ఉంది, అయినా ఆమెకి అది అక్కరకు రాలేదు.

మీ సర్వీసులు ఒక్కొక్కటీ ఈ లెక్కలో పెట్టి చూద్దాం. హాలు అద్దె, భోజనాలు, బల్లలు, కుర్చీలు, పార్కింగ్, సౌండ్ సిస్టమ్, వీటిలో వాదించడానికి ఏమీ లేదు. డెకరేషన్‌లో మీ దగ్గర ఫోటో ఆల్బమ్ చూపించి "ఈ ప్యాకేజీ ఇంత" అని అమ్ముతారు కదా, ఆ ప్యాకేజీ మండపం కూడా తెల్ల కేకు లాంటిదే. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆర్లీన్స్ ఫ్లవర్స్ అనే పూల షాపు కేసు ఉంది. ఏళ్ల తరబడి తన దగ్గర పూలు కొంటున్న ఒక గే కస్టమర్‌తో యజమానురాలికి మంచి స్నేహం ఉండేది, అయినా 2013లో అతని పెళ్లికి పూలు అమర్చనంది. పూల అమరిక కళే కావచ్చు గానీ చట్టం నుంచి తప్పించే భావప్రకటన కాదని రాష్ట్ర సుప్రీంకోర్టు రెండుసార్లు చెప్పింది. ఎనిమిదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి 2021లో 5,000 డాలర్లు కట్టి ఆ గొడవ ముగించుకుంది. పూర్తిగా కొత్తగా గీసి, జంట కథని చెప్పే తెరలు, చిత్రాలు చేసిచ్చే ఆర్టిస్టు ఎవరైనా ఉంటే ఆ ఒక్క పని గురించి 303 ఆధారంగా వాదించే వీలుండొచ్చు. శుభలేఖల్లో కూడా, కస్టమర్ ఇచ్చిన మాటలు అచ్చువేయడం వేరు, మీరే కవిత్వం రాసివ్వడం వేరు. ఫోటోగ్రాఫర్ల విషయం ఇంకా నలుగుతూనే ఉంది. న్యూ మెక్సికోలో 2013లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఫోటోగ్రాఫర్‌కి వ్యతిరేకంగా చెప్పింది గానీ, అది 303 రావడానికి పదేళ్ల ముందు మాట. మీ ప్యాకేజీలో ఫోటోలు లేవు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

పంతులు గారు. పెళ్లి మంత్రాలు చదివే పురోహితుడు, చర్చి పాస్టరు, ఇమాము, వీళ్లెవరినీ తమ మతాచారానికి విరుద్ధమైన పెళ్లి జరిపించమని ఏ రాష్ట్రమూ ఆదేశించలేదు. రాజ్యాంగపు మొదటి సవరణ అక్కడ గోడలా నిలబడుతుంది. ఆయన రానంటే ఆ జంట వేరే పంతుల్ని తెచ్చుకుంటారు. ఇలాంటి పెళ్లిళ్లు చేసే పురోహితులు ఈ దేశంలో ఉన్నారు. మీరు జాగ్రత్త పడాల్సింది ఒక్కటే. మామూలుగా మీ ప్యాకేజీలో పంతులు గారు కలిసే ఉంటే, ఈ జంటకి ఆ ఒక్క భాగం లేదని ముందుగా మర్యాదగా చెప్పి, ఆ మేరకు డబ్బు తగ్గించండి. పంతులు గారి అభ్యంతరాన్ని సాకుగా చేసుకుని హాలుకి తాళం వేయకండి.

ఇక "ఆ తేదీ ఖాళీ లేదు" అన్న మాట. మీ మెయిల్ చదువుతుంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. మన వాళ్లకి ఎదుటి మనిషిని నొప్పించకుండా తప్పించుకునే అలవాటు ఎక్కువ, ఇది ఆ అలవాటులోంచే వచ్చిందని నాకు తెలుసు. కోర్టులో మాత్రం దాన్ని దురుద్దేశానికి సాక్ష్యంగా చూస్తారు. నేను చూసిన ఒక వ్యవహారంలో ఒక హాలు వాళ్లు ఇలాగే తేదీ లేదని రాశారు. మర్నాడు ఆ జంట స్నేహితురాలు ఫోన్ చేసి, అబ్బాయి పేరు, అమ్మాయి పేరు చెప్పి అదే శనివారం అడిగింది. హాలు మేనేజరు సంతోషంగా "ఖాళీయే అండీ, వచ్చి చూసుకోండి" అని, రేటు కార్డు కూడా మెసేజ్ చేశాడు. రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెడితే చాలు, ఇంక ఆ తర్వాత మేం ఏం చెప్పినా ఎవరూ వినలేదు. నిజం చెప్పి ఓడిపోయినవాడికి కనీసం తన నమ్మకం ఇదని నిలబడే అవకాశం ఉంటుంది. అబద్ధం చెప్పి ఓడిపోయినవాడికి అదీ ఉండదు. రేటు పెంచి చెప్పడం, అడ్వాన్సు రెట్టింపు అడగడం, మెయిల్‌కి జవాబే ఇవ్వకపోవడం, ఇవన్నీ కూడా నిరాకరణ కిందికే వస్తాయి.

ఎంత పోతుందని అడుగుతారు. న్యూజెర్సీలో ఫిర్యాదుదారు 180 రోజుల్లోపు రాష్ట్ర పౌరహక్కుల విభాగానికి వెళ్లవచ్చు, లేదా రెండేళ్లలోపు నేరుగా కోర్టుకి. రాష్ట్రం వేసే జరిమానా మొదటి తప్పుకి 10,000 డాలర్ల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే 50,000 దాకా ఉంటుంది. మనోవేదనకి పరిహారం వేరే. గెలిచిన ఫిర్యాదుదారు లాయరు ఫీజు కూడా మీరే కట్టాల్సి రావచ్చు, చాలా కేసుల్లో అన్నిటికంటే పెద్ద అంకె అదే. మామూలు జనరల్ లయబిలిటీ ఇన్సూరెన్సులో వివక్ష కేసులు సాధారణంగా కవర్ కావు. మీ ఏజెంటుని అడిగి చూసుకోండి.

అయితే కస్టమర్ని ఎప్పుడూ కాదనకూడదా అంటే, కాదనవచ్చు. తేదీ నిజంగా బుక్ అయి ఉంటే కాదనవచ్చు. మీ హాలుకి ఫైర్ మార్షల్ రాసిచ్చిన సంఖ్య కంటే ఎక్కువమంది వస్తామంటే, అడ్వాన్సు కట్టకపోతే, మీ స్టాఫ్‌ని బూతులు తిడితే కాదనవచ్చు. మీ హాలు శాకాహారం మాత్రమే అయితే చికెన్ బిర్యానీ పెట్టమని ఎవరూ ఒత్తిడి చేయలేరు, అది ఎవరికీ పెట్టరు కాబట్టి. చాలా రెస్టారెంట్లలో "ఎవరికైనా సర్వీసు నిరాకరించే హక్కు మాకుంది" అని బోర్డు ఉంటుంది కదా, ఆ బోర్డుకున్న విలువ ఇంతవరకే. కస్టమర్ చేసిన పని చూసి కాదనవచ్చు, మనిషి పుట్టుక చూసి కాదనకూడదు.

ఎవరు అడిగినా రాయని మాటని ఎవరికీ రాయకపోవచ్చు. దీనికి మంచి ఉదాహరణ మళ్లీ డెన్వర్‌లోనే ఉంది. 2014లో అజూకార్ బేకరీకి ఒకాయన వచ్చి బైబిల్ ఆకారంలో కేకు, మీద గేలను దూషించే మాటలు అడిగాడు. యజమానురాలు, బైబిల్ కేకు చేసిస్తాను, ఆ మాటలు మాత్రం నేను రాయను, కావాలంటే క్రీము, అది పిండే కోన్ ఇస్తాను, మీరే రాసుకోండి అంది. ఆయన మత వివక్ష అని ఫిర్యాదు చేస్తే నిలవలేదు. బ్రిటన్‌లో ఉన్న మన వాళ్లకి కూడా గీత ఇక్కడే పడింది. కార్న్‌వాల్‌లో గే జంటకి డబుల్ బెడ్ గది ఇవ్వనన్న క్రైస్తవ హోటల్ యజమానులు 2013లో అక్కడి సుప్రీంకోర్టులో ఓడిపోయారు. బెల్‌ఫాస్ట్‌లో కేకు మీద గే పెళ్లిని సమర్థించే నినాదం రాయనన్న యాషర్స్ బేకరీ 2018లో అదే కోర్టులో గెలిచింది. రెండింట్లోనూ ప్రధాన తీర్పు రాసింది ఒక్కరే, లేడీ హేల్. బేకరీ కాదన్నది నినాదాన్ని, ఎవరు అడిగినా కాదనేది. హోటల్ కాదన్నది మనుషుల్ని.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి రెండు ముక్కలు. కాలిఫోర్నియాలో అన్రూ చట్టం ప్రకారం ఒక్కో ఉల్లంఘనకి కనీస పరిహారమే 4,000 డాలర్లు. ఇల్లినాయ్, వాషింగ్టన్, న్యూయార్క్, వర్జీనియాల్లో పరిస్థితి మీలాగే. మిషిగన్‌లో గే జంట పెళ్లికి ఇవ్వనన్న ఒక ఫంక్షన్ సెంటరు కేసులోనే 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు రక్షణ ఉందని తేల్చింది, మరుసటి ఏడాది చట్టసభ దాన్ని చట్టంలో రాసింది. టెక్సస్‌లో, జార్జియాలో రాష్ట్రస్థాయి చట్టం లేదు. డాలస్, ప్లేనో, ఆస్టిన్, అట్లాంటా లాంటి నగరాలకి సొంత ఆర్డినెన్సులున్నాయి. హ్యూస్టన్ తెచ్చుకున్న దాన్ని 2015లో ఓటర్లు రద్దు చేశారు. అంటే ఒకే మెట్రోలో హైవే దాటితే రూలు మారిపోవచ్చు. మోటెల్ నడిపేవాళ్లు రాష్ట్ర చట్టంతో పాటు ఫ్రాంచైజీ ఒప్పందం కూడా చదువుకోండి. ఇంట్లో గది ఎయిర్‌బీఎన్‌బీలో పెట్టినవాళ్లకి చట్టం లేని చోట కూడా ఆ కంపెనీ వివక్ష నిబంధన వర్తిస్తుంది.

ఇండియాలో కూడా మీకు హాలు ఉందని రాశారు. రాజ్యాంగం 15(2) అధికరణం షాపులు, హోటళ్లు, రెస్టారెంట్లలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఆధారంగా అడ్డుకోకూడదంటుంది. 2018లో గే సంబంధాలు నేరం కాదన్న 377వ సెక్షన్ తీర్పులో లింగం అన్నదాంట్లోకి సెక్సువల్ ఓరియంటేషన్ కూడా వస్తుందని సుప్రీంకోర్టు న్యాయమూర్తులు రాశారు. అయితే గే కస్టమర్ని కాదన్న వ్యాపారి మీద ఇంత జరిమానా అని చెప్పే ప్రత్యేక చట్టం లేదు. ట్రాన్స్‌జెండర్ల విషయంలో 2019 చట్టం ఉంది, వస్తువులు, సేవలు నిరాకరించడాన్ని అది నేరుగా నిషేధిస్తుంది. పెళ్లి హక్కు కోసం వేసిన కేసు 2023 అక్టోబరులో ఓడిపోయింది. ఆ కేసుకి పేరొచ్చింది మన హైదరాబాద్ జంట వల్లే. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో హైదరాబాద్ దగ్గర ఒక రిసార్టులో బంధువులు, స్నేహితుల మధ్య వేడుక చేసుకున్నారు. చట్టం గుర్తించకపోయినా ఎవరో ఒక రిసార్టు వాళ్లు గేటు తీశారు, ఎవరో వంట చేశారు.

మీ తోడల్లుడు గారి నమ్మకాన్ని నేను వెక్కిరించను. ఆయన నిజాయితీగానే అంటున్నారని అనుకుంటున్నాను. ఆయనకి ఒక పాత కేసు చెప్పండి. 1960ల్లో సౌత్ కరోలినాలో పిగ్గీ పార్క్ అనే బార్బెక్యూ రెస్టారెంట్ల యజమాని నల్లవాళ్లని లోపల కూర్చోబెట్టి వడ్డించనన్నాడు. జాతులు కలవకూడదన్నది నా మత విశ్వాసం అని కోర్టులో వాదించాడు. ఆయన కూడా నిజాయితీగానే నమ్మి ఉండొచ్చు. 1968లో సుప్రీంకోర్టు ఆ వాదనని పూర్తిగా పసలేనిదని తోసేసింది. ఆ చట్టం, ఆ తీర్పు ఉన్నాయి కాబట్టే మనం ఈ దేశంలో ఏ హోటల్‌కైనా తల ఎత్తుకుని వెళ్లి గది అడగగలుగుతున్నాం. భారతీయులు మోటెళ్లు కొంటున్న రోజుల్లో పోటీ మోటెళ్ల వాళ్లు బయట "అమెరికన్ల యాజమాన్యం" అని బోర్డులు పెట్టేవాళ్లు. ఆ బోర్డు ఎవర్ని ఉద్దేశించిందో మన పెద్దవాళ్లకి తెలుసు. మన రంగు, మన యాస, మన దేవుడు నచ్చనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి నచ్చినా నచ్చకపోయినా కౌంటర్ దగ్గర మనకి వడ్డించాల్సిందేనన్న నియమం మనకి కావాలి. దాని రెండో కొసన ఇంకొకళ్లు ఉంటారు, ఈసారి ఆ అమ్మాయిలు ఉన్నారు.

ఇంకో మాట, ఇది లాయరుగా కాదు. ఆ తెలుగమ్మాయి ఇన్ని హాళ్లుండగా మన వాళ్ల హాలు వెతుక్కుంటూ వచ్చింది. మామిడాకు తోరణం, మంగళవాయిద్యం, అరిటాకు భోజనం తన పెళ్లిలో ఉండాలనుకుంది. అమ్మానాన్నలు వస్తున్నారో లేదో మనకి తెలియదు. అలాంటి పిల్లకి మనమే తలుపు వేస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పనులు. తేదీ ఖాళీగా ఉంటే మిగతా అందరికీ పంపినట్టే రేటు కార్డు, హాలు చూసుకోవడానికి టైము పంపండి. మీ బుకింగ్ ఫారంలో "వధువు", "వరుడు" అని రెండు గళ్లున్నాయి కదా, వాటిని "మొదటి పేరు", "రెండో పేరు" అని మార్చేయండి, గుమ్మం దగ్గర పెట్టే వెల్‌కమ్ బోర్డు కూడా వాళ్లు రాసిచ్చినట్టే వేయించండి. ఫోన్లు ఎత్తే కుర్రాడితో కూర్చుని మాట్లాడండి, చాలా కేసులు యజమాని నోటి నుంచి కాదు, ఫ్రంట్ డెస్క్ నోటి నుంచే మొదలవుతాయి. మీ తోడల్లుడు గారికి ఆ రోజు హాల్లో ఉండటం ఇష్టం లేకపోతే ఉండక్కర్లేదు, వేరే ఎవరైనా చూసుకోవచ్చు. వంటవాళ్లలో, వడ్డించేవాళ్లలో ఎవరైనా మత కారణంతో ఆ రోజు రానంటే వాళ్ల మాట కూడా వినండి. వ్యాపారానికి పెద్ద ఇబ్బంది లేకుండా షిఫ్టు మార్చగలిగితే మార్చాలి, 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన గ్రాఫ్ కేసు తీర్పు తర్వాత యజమానుల మీద ఆ బాధ్యత పెరిగింది కూడా. వాళ్ల బదులు ఇంకొకర్ని పెట్టుకోండి. మీ తోడల్లుడు గారు అప్పటికీ ఒప్పుకోకపోతే, మీ భాగస్వామ్య ఒప్పందం పట్టుకుని ఇద్దరూ కలిసి ఏదైనా లాయరు దగ్గర ఒక గంట కూర్చోండి, ఆ మెయిల్‌కి జవాబిచ్చే ముందే. ఎందుకంటే నిరాకరించింది ఆయనొక్కరే అయినా, కేసు పడేది మీ ఇద్దరి కంపెనీ మీద.